బలం మాత్రలు

అక్కా, నిన్ను తీసుకెళ్లింది జబ్బేనా, లేక మేమంతా ప్రేమగా తెచ్చిచ్చిన బలం మాత్రలా?

ఈ హిందీ ఊళ్లో, మన గోల్‌మురి కంపెనీ క్వార్టర్లలో నీరసపడ్డ మనిషిని చూడటానికి వెళ్తే, పళ్లతోపాటు ఇంట్లో మిగిలిన విటమిన్ మాత్రలు కూడా పట్టుకెళ్తారు కదా. ఎవరినీ నొప్పించలేక నువ్వు అన్నీ వేసుకున్నావు. తర్వాత తీరని దాహం, వాంతులు. నీరసమనుకుని ఇంకా తెచ్చాం. కిడ్నీలు పాడయ్యాయన్న డాక్టరు కారణం చెప్పలేదు. విటమిన్ డి మితిమీరినా అలాగే అవుతుందని ఈమధ్య లైబ్రరీలో చదివాను.

పోయినవారం నీ కూతురు పద్మ టైఫాయిడ్ నుంచి లేచిందని పక్కింటి సూరమ్మత్త ఒక పొట్లం తెచ్చింది. అవి ఏ మాత్రలని అడిగాను.

"ఏటమ్మా, పోలీసోడిలాగ అడుగుతన్నావు? బలం ఎక్కువై ఎవులైనా సత్తారేటి?"

"ఇత్నీ తాకత్ కా క్యా కరూఁ, మామ్మా?" అని, అంత బలం ఏం చేసుకోనన్నట్టు పద్మ నవ్వింది.

ఆవిడ వెళ్లాక పొట్లాన్ని బొగ్గుల పొయ్యిలో పడేశాను. పద్మకు డాక్టరు రాసినవే ఇచ్చాను.

ఈ ఉదయం సూరమ్మత్త మళ్లీ వచ్చి, పద్మ గడ్డం పట్టుకుని, "సూసావా, నా మాత్రలకి మొకం ఎలా తేరిందో!" అని మురిసిపోయింది.

ఆవిడ పొరబడిందని నాకు తెలుసు. నీ విషయంలో నేను పొరబడుతున్నానో లేదో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.