ఎక్స్‌రే గది ముందు కుర్చీ

భిలాయి

దుర్గారావు బావగారికి,

ఆసుపత్రి ఆఫీసులో ఈ ఉద్యోగం ఇప్పించింది మీరే కనుక, జరిగింది నా నోటనే వినండి. ఎక్స్‌రే గది తలుపు మీది ఎర్రలైటు మెషిన్ నడుస్తున్నా వెలగడం లేదని టెక్నీషియన్ పైడమ్మ రాసిచ్చిన కాగితం మూడు వారాలు నా బల్ల మీదే పడి ఉంది. నిన్న మెషిన్ నడుస్తుండగా కడుపుతో ఉన్న ఒకామె తలుపు తీయబోయింది. పైడమ్మ వెంటనే మెషిన్ ఆపేసింది.

"నాను రాసిచ్చిన కాయితం ఏటైంది సార్? లైటెలిగితేనే మెషిన్ ముట్టుకుంటాను" అంది.

పని ఆపినందుకు ఆమెకు మెమో ఇమ్మన్నారు పెద్దసారు. టైపు చేశాను, కాని ఆమె పేరు బదులు నా పేరు పెట్టి, కాగితం పట్టించుకోనందుకు. మీరు చెప్పినా మార్చను.

తలుపు దగ్గర నేనుంటానంటే పైడమ్మ ఒప్పుకుంది, మెషిన్ మళ్లీ నడుస్తోంది. దుర్గ్ నుంచి లైటు బిగించే మనిషి వచ్చేదాకా ఈ తలుపు ముందు కుర్చీలో నేనే కాపలా. పెద్దసారుకు నాతో పనుంటే ఇక్కడికే రమ్మనండి.

మీ బావమరిది