కుడిచేతి బౌలరైన అన్నయ్య

అన్నయ్యా, నేను గీసి పంపిన నీ బొమ్మ పాడుచేశావు. బౌలింగ్ చేసేటప్పుడు భుజం ఎంత లేస్తుందో గుర్తు పెట్టి పంపమన్నాను గానీ చెయ్యి మార్చమన్నానా? "నాది ఎడమచెయ్యని మరిచావా మొద్దూ" అని పైగా ఉత్తరంలో వెటకారం, అది కుట్టేశాకే చదివాను. మరవలేదు. మా బొంతల షాపులో కాగితం మీద గీత వెంబడి కుడతాం, గుడ్డముక్కలు అడుగువైపు ఉంటాయి. తిప్పి చూస్తే కుడి ఎడమవుతుంది. అందుకే కావాలనే కుడిచెయ్యి గీశాను. నిన్ను నమ్మి ఇరవైమూడు ముక్కలూ కుట్టి తిప్పితే, నువ్వు కుడిచేత్తో వేస్తున్నావు. "మీ అన్నయ్య అద్దంలో చూసుకుంటూ ఆడతాడా?" అంది మా యజమానురాలు. షాపంతా ఒకటే నవ్వు. నాకూ ఆగలేదు, అది వేరే సంగతి.

క్లబ్బువాళ్లు మాతో కుట్టించుకుంటున్న ఆటల బొంతలో నేను సొంతంగా గీసిన గడి ఇదొక్కటే. శనివారం గడులన్నీ కలిపి కుట్టేస్తారు. నాది లేకపోతే అక్కడ మూడో ఫుట్‌బాల్ పెడతారట. కాగితం నేనే తిప్పి గీసుకుంటాను. నువ్విచ్చిన పాత జెర్సీ గుడ్డ మాత్రం అయిపోయింది.

అమ్మ కళ్లజోడు బాగుచేయించావా? నా కత్తెరతో కాగితాలు కొయ్యొద్దని వదినకి చెప్పు, పదును పోతుంది. చంటిదానికి ముద్దులు.

క్షమాపణలు రాయొద్దు. నంబరుందని దాచుకున్న ఆ జెర్సీ వెనకభాగం గురువారంలోగా నాకు అందాలి.