తక్కెడ పళ్లెం అడుగున బొట్టు

కాల్గరీ నివాసి, చమురు కంపెనీలో ఇంజనీరుగా రిటైరైన యోగానంద్ అనే నేను పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించుకున్న వీలునామా ఇది. నా మతి మీద నా భార్య శ్యామలకు అనుమానాలున్నాయి గానీ అవి తూటాల వరకేనని ఆవిడే ఒప్పుకుంది.

1. ఇల్లు, బ్యాంకులో ఉన్నది శ్యామలకు, ఆమె తదనంతరం మా అబ్బాయి అభిరామ్‌కు సర్వహక్కులతో చెందుతాయి. శ్యామల ఉప్పును చేత్తో విసురుతుంది. కూర మాత్రం ఒక్కనాడూ చెడలేదు. ఇన్నేళ్లయినా ఇది నాకు మింగుడుపడలేదు.

2. రైఫిలు, మిగిలిన మందుగుండు పొడి, తుపాకీ లైసెన్సున్న మిత్రుడు శ్రీరామ్‌కు. అతను తూటాల్లో పొడిని చెంచాతో కొలిచి పోస్తాడు. నేను రవ్వ రవ్వ తూచి పోస్తాను. నా తక్కెడ ముల్లు సున్నా తప్పదనీ, సరిచూడనక్కర్లేదనీ మా షూటింగ్ క్లబ్బంతా చాటాను. 2022 దసరా తరవాతి పోటీలో వెయ్యి గజాల దూరాన నా తూటాలన్నీ సాసరు మూసేంత చోటులోనే తగిలాయి, లక్ష్యానికి జానెడు కింద. "గురి అద్భుతం అన్నగారూ, లక్ష్యం అట్టనే కాస్త ఎత్తులో పెట్టారు" అన్నాడు శ్రీరామ్. ఆ మాటకు రైఫిలు ఇవ్వకూడదు. కానీ వస్తువును అతనిలా తుడిచి పెట్టుకునేవాడు లేడు.

3. మా బేస్‌మెంట్‌లో అద్దెకుండి చదువుకుంటున్న తేజశ్రీది కరీంనగర్. ఇక్కడికొచ్చాక మొదటి దసరాకి, ఆయుధపూజ అని తన లాప్‌టాప్‌కీ, మా కారుకీ, మిక్సీకీ బొట్లు పెట్టి, శ్యామల అండతో నా తక్కెడ పళ్లేనికీ గంధం మెత్తి కుంకుమ అద్దింది. పైన పెడితే పొడికి అంటుతుందని అడుగున పెట్టిందట, ఎంత జాగ్రత్తో! ఆ బరువు మేరకు ప్రతి తూటాలో పొడి తగ్గి, దెబ్బ కిందికి దిగింది. పోటీ అయ్యాక పళ్లెం తిప్పి చూసి, నెలాఖరుకల్లా గది ఖాళీ చెయ్యమన్నాను. అప్పుడు ఊళ్లో స్టూడెంట్లు గదుల కోసం కాళ్లరిగేలా తిరుగుతున్నారు. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని, "అంకుల్, బొట్టుకు గూడ బరువుంటదా?" అంది.

ఉంటుందమ్మా. తూచాను.

పొమ్మన్న మాట నోటితో వెనక్కి తీసుకోవడం నాకు చేతకాలేదు. ఆ నెలాఖరు దాటి రెండేళ్లయినా నేను మళ్లీ అడగలేదు, ఆమె ఇప్పటికీ వేరే గది వెతుకుతూనే ఉంది. ఆ మాట ఇందుమూలంగా రద్దు. పీఆర్, అంటే కెనడాలో శాశ్వత నివాసపు అనుమతి, వచ్చేదాకా ఆ గది ఆమెదే. అభిరామ్ అంతవరకు ఇల్లు అమ్మరాదు. ఆ పిల్లంటే నాకు ఇష్టం. ఇది వీలునామాలో రాయనక్కర్లేదని లాయరు గారన్నారు, అయినా రాయించాను.

4. తక్కెడ కూడా తేజశ్రీకే. శ్రీరామ్‌కిస్తే నూనెగుడ్డతో తుడిచేస్తాడు. ఆ బొట్టుతో కలిపే ముల్లును సున్నాకు తెచ్చుకున్నాను. తుడిస్తే ఇక నా లెక్క కుదరదు.

కాల్గరీ, 3 నవంబరు 2024
(సంతకం) యోగానంద్
సాక్షులు: కొమరయ్య, సరోజ