ఏరి పారేసిన రాళ్ళు

10-5-1981
మామ నరసింహప్ప ఈ రోజు మాట తేల్చేశాడు. గుట్ట కింది చేను మా ఇద్దరు అల్లుళ్ళకీ చెరిసగం. ఎగువ సగం నాది, దిగువది తోడల్లుడు కదిరప్పది. ఈ ఏడు శెనక్కాయ ఎవరిది బాగా వస్తే బావి కింది ఎకరా వాళ్ళదేనట. అన్నకే ఇచ్చేయ్ మామా, నీళ్ళు తోడే ఓపిక నాకు యాడుండాది అన్నాడు కదిరప్ప. అందరూ నవ్వారు. నా మాటకి ఎవరూ నవ్వరు.

ఆ బావి నాకే కావాలి.

24-5-1981
స్కూలుకి సెలవులు. పొద్దున్నుంచి చేలో రాళ్ళు ఏరుతున్నాను. మట్టిగడ్డలు కూడా చితక్కొట్టించి, మన్ను పిండి చేశాను. ఈడ ముగ్గు పెట్టొచ్చు అంది మా ఆవిడ చెన్నమ్మ. మెచ్చుకుందనే రాసుకుంటున్నాను.

28-5-1981
కదిరప్ప ఒక్క రాయి తీయలేదు. ఎరువు కోసం చేలో గొర్రెల మంద కట్టించి, పక్కనే మంచం వేసుకుని నిద్ర! వాడికి చెన్నమ్మ క్యారియర్ పంపిందట. చెల్లెలి మొగుడు కదా అంటుంది. ఒళ్ళు మండింది. ఏరిన రాళ్ళన్నీ బండికెత్తి గట్టు అవతల, వాడి చేలో కుమ్మరించాను. వాడు చూసి, మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. అది ఇంకా మంట.

19-6-1981
విత్తనం వేశాం. నా సాళ్ళు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి.

22-6-1981, సాయంత్రం
వాన! గంటసేపు దంచింది.

23-6-1981
సర్వనాశనం. చినుకు దెబ్బకి నా పిండి మన్ను బురదై, పైన పెచ్చు కట్టింది. నీళ్ళు లోపలికి దిగలేదు. గట్టు తెంచుకుని, మన్నుని కూడా ఈడ్చుకుని కదిరప్ప చేలోకి పోయాయి. నేను కుమ్మరించిన రాళ్ళే ఆ మన్నుని అక్కడ ఆపాయి.

రెండు గాజు గ్లాసుల నీళ్ళలో నా చేని మట్టిగడ్డ ఒకటి, వాడిది ఒకటి వేశాను. నాది బుడగలొచ్చి క్షణంలో విడిపోయింది. గొర్రెల ఎరువు పట్టిన వాడి గడ్డ చెక్కుచెదరలేదు. కదిరప్పది గట్టి మన్ను అంది చెన్నమ్మ. సైన్సు టీచర్ని నేను. గ్లాసు విసిరికొట్టాలనిపించింది.

2-7-1981
వాడి చేనంతా పచ్చగా మొలిచింది. నా చేలో పెచ్చుని గోటితో లేపితే కింద వంకర తిరిగిన తెల్లటి మొలకలు. మామ వచ్చి చూశాడు. ఇంక కోతదాకా ఎందుకప్పా, తేలిపాయ కదా అన్నాడు.

బావి పోయింది.

కదిరప్ప ఇంటికొచ్చాడు. అన్నా, నీ రాళ్ళు ఆడే ఉండాయి, తీసుకపో, మన్ను మాత్రం అడగద్దు అని ఒకటే నవ్వు. చెన్నమ్మ కూడా నవ్వింది!

5-7-1981
గట్టు తెగినచోట పేర్చడానికి రాళ్ళు వెనక్కి తెచ్చుకుంటున్నాను. కదిరప్ప సాయం వచ్చాడు. నేను రెండు చేతులా ఎత్తే రాయి, నీళ్ళు తోడే ఓపిక లేదన్నవాడు ఒంటిచేత్తో ఎత్తుతున్నాడు.