రుచిత తొట్టి నీళ్ళు

అమ్మా అఫ్సా,

ఆదివారం నువ్వొచ్చి బెల్ కొట్టినప్పుడు నేను లోపలే ఉన్నాను. నా కూతురి స్నేహితురాలివి, నీకు మొహం చూపించలేక తలుపు తీయలేదు.

రుచిత ఆ సముద్రపు చేపల తొట్టి పెట్టిన కొత్తలో నెలల తరబడి ఉప్పునీళ్ళూ, రాళ్ళే ఉండేవి. "చేపల్లేని చేపల తొట్టేంటే?" అని ఎగతాళి చేసేదాన్ని. "ముందు రాళ్ళకి ప్రాణం పట్టాలమ్మా, నీళ్ళని శుభ్రం చేసే సూక్ష్మజీవులు వాటి మీద పెరగాలి, తొందరపడితే చేపలు చస్తాయి" అనేది. ఆ తర్వాతే రెండు చేపల్ని తెచ్చింది, నువ్విచ్చిన బతికున్న పగడం పిలక పెట్టింది.

రుచిత పెద్దకర్మ రోజు ఇల్లు కడుగుతుంటే మా ఆడపడుచు, "చావింట్లో నిలవ నీళ్ళు ఉంచకూడదు వదినా, పారబొయ్యి" అంది.

"అవి రుచితవి" అన్నాను.

"అయితే మాత్రం మైల కాదా?" అంది.

చుట్టాలందరూ నావంకే చూశారు. నేనే బకెట్లతో ఎత్తిపోశాను. రాళ్ళు పీచుతో తోమి, పంపు నీళ్ళు పట్టి, గుప్పెడు కల్లుప్పు వేశాను. సాయంత్రానికి చేపలు చచ్చిపోయాయి. నీ పగడం కూడా తెల్లబడి చచ్చిపోయింది.

నా బిడ్డ తొట్టిలో పోసిన నీళ్ళు నాకు మైలెలా అయ్యాయమ్మా? నలుగురి నోటికి జడిసి ఆ పని చేశాను. తల్చుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

బెంజ్ సర్కిల్ దగ్గర కొట్లో రుచిత తొట్టిలో కలిపే సముద్రపు ఉప్పు ప్యాకెట్టు కొనుక్కొచ్చాను. ఎంత కలపాలో తెలీదు. రుచిత మొదట్నుంచీ ఎలా చేసిందో నాకు చెప్పు, ఎన్నాళ్ళు పట్టినా చేస్తాను. నన్ను తిట్టాలనుంటే తిట్టు తల్లీ, కానీ ఇంటికొచ్చి తిట్టు.

రుచిత వాళ్ళమ్మ