పదిహేను రోజుల గడువు

జూలై 7, 2025, సోమవారం

మా కింద పోర్షన్‌లో అద్దెకి ఉండే సూర్యకళని కాకినాడ ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు. కేన్సర్. ఇక చేసేదేమీ లేదు, మహా అయితే నెల అన్నారట. ఆమె భర్త తాతాజీ మెట్ల దగ్గర నిలబడి చెప్పాడు. కడియం నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టే పని అతనిది. అయ్యో అన్నాను. పైకి వచ్చి పంచాంగం తీశాను.

ఇంట్లో పోయినప్పుడు నక్షత్రం మంచిది కాకపోతే ఆరు నెలలు ఇల్లు మూసెయ్యాలి. ఆ తర్వాత మాత్రం అద్దెకి ఎవరొస్తారు?

జూలై 8

అడ్వకేట్ త్రిమూర్తులు గారిని కలిశాను. నెలనెలా అద్దెకి ఉండేవాళ్లకి పదిహేను రోజుల నోటీసు చాలట. నోటిమాటగా కాదు, కాగితం మీద రాసి అక్నాలెడ్జ్‌మెంట్‌తో రిజిస్టర్ పోస్టులో పంపమన్నారు. తీసుకోకపోతే తలుపుకి అంటించొచ్చట. కారణం రాయక్కర్లేదన్నారు. అయినా 'సొంత అవసరం' అని రాయించాను.

నాకు డెంగ్యూ వచ్చినప్పుడు పదకొండు రోజులు జావ కాచి పైకి మోసింది సూర్యకళ. గుర్తుంది. సంతకం పెట్టాను.

జూలై 11, ఉదయం 11

పోస్ట్‌మన్ వచ్చాడు. తాతాజీ పనిలో ఉన్నాడు. వరండాలో మంచం మీద కూర్చుని ఆమే సంతకం పెట్టింది. బాల్కనీలోంచి చూశాను. కవరు చింపి చదివింది. మళ్లీ చదివింది.

జూలై 12

పిలిస్తే కిందికి వెళ్లాను.

"ఆయనకి చెప్పకండి అక్కగారూ. ఇల్లు వెతుక్కుంటా తిరిగితే నా దగ్గర ఎవరుంటారండి? నాకు పదిహేను రోజులు అక్కర్లేదులెండి" అంది. నవ్వింది కూడా.

ఆ నవ్వుకి ఒళ్లు మండింది. "ఇక్కడ వద్దు సూర్యకళా" అన్నాను.

నోటీసు నాలుగు మడతలు పెట్టింది. సరేనండి అంది.

జూలై 19

అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు తిరిగొచ్చింది. సంతకం సగంలో ఆగిపోయింది. చెల్లుతుందా అని ఫోన్ చేసి అడిగాను. చెల్లుతుందట.

జూలై 22

తాతాజీ పనికి వెళ్లగానే పిలిచింది. ఊపిరి అందడం లేదు. ఆటో పిలవమంది. అతనికి ఫోన్ చెయ్యనా అంటే, ఆటో కదిలాక చెయ్యమంది. నేనే ఎత్తి ఎక్కించాను. చిన్నపిల్లంత బరువు కూడా లేదు. రాజమండ్రి పెద్దాసుపత్రికి పోనివ్వమని డ్రైవర్‌తో చెప్పాను. వెంట వెళ్లలేదు.

మధ్యాహ్నం మూడింటికి పోయింది.

అదే రోజు, సాయంత్రం 5

తాతాజీ ఫోన్. "గంటసేపండి. వరండా వరకేనండి. నీళ్లు పోసి తీసుకెళ్లిపోతానండి."

కుదరదన్నాను. గేటుకి తాళం వేశాను.

ఆంబులెన్స్ మా గేటు ముందు నుంచే వెళ్లింది. కాలవ గట్టున ఆపి నీళ్లు పోశారట. నర్సరీ ఆడవాళ్లు చుట్టూ చీరలు అడ్డం పట్టుకున్నారట.

జూలై 25

తాతాజీ నోటీసు చేత్తో పట్టుకుని వచ్చాడు. దిండు గలీబులో దొరికిందట.

"ఇది తను చదివిందాండి?" అని అడిగాడు.

"లేదు. సంతకం పెట్టి పక్కన పడేసింది" అన్నాను.

తలూపాడు. తాళంచెవి నా చేతికి ఇవ్వలేదు, మెట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు. గడువు ఇంకా ఒక రోజు ఉంది.

ఆగస్టు 6

రావులపాలెం నుంచి భార్యాభర్తలు ఇల్లు చూడ్డానికి వచ్చారు. ఆమె గదులన్నీ తిరిగి, ఏమీ అనుకోకండి, ఈ ఇంట్లో ఎవరైనా పోయారాండి అని అడిగింది.

లేదన్నాను.

నిజమే చెప్పాను.