విటమిన్లు కలపని డబ్బా

మార్చి 4
ఏడాదిగా మా ప్రాణాలు తోడేసిన రియాక్టర్ ఇవాళ మాట విన్నది. బ్యాచ్ పదకొండు కుదిరింది. నూనెలోంచి గ్లిసరాల్‌ని తప్పించి, ఆ చోట పంచదారని కూర్చోబెట్టాం. నాలుక్కి అచ్చం కొవ్వే. పొట్ట మాత్రం దాన్ని అరిగించుకోలేదు, అది వచ్చినట్టే బయటికి పోతుంది. ఆపరేటర్ నాకో డబ్బా పట్టి ఇచ్చాడు. ట్రయల్ సరుకు ఇంటికి తీసుకెళ్లకూడదని రూలు. తీసుకెళ్లని వాళ్లెవరు?

మార్చి 5
డబ్బా అన్నయ్యకి ఇచ్చాను. గుండెకి వాల్వ్ వేసిన దగ్గర్నుంచి వదిన వేయించినవేవీ పెట్టడం లేదు. ఇవాళ రెండు ప్లేట్ల బజ్జీలు లాగించి, కెమిస్ట్రీ, నీ కడుపు చల్లగుండా అన్నాడు. చిన్నప్పట్నుంచి నా పేరు కెమిస్ట్రీయే.

మార్చి 29
మూడో డబ్బా. నాలుగు కిలోలు తగ్గాడట. వచ్చినవాళ్లందరికీ చొక్కా ఎత్తి బెల్టుకి వేయించిన కొత్త కన్నం చూపిస్తున్నాడు. వదిన నవ్వలేక చచ్చింది.

ఏప్రిల్ 17
అన్నయ్య పోయాడు.

ఏప్రిల్ 18, మధ్యాహ్నం
మెదడులో రక్తస్రావం. రక్తం మరీ పల్చబడిపోయిందన్నారు. వాల్వ్ కోసం వాడే మాత్ర చేసే పనే అది, కానీ ఇంతలా ఎలా అయిందో డాక్టర్‌కీ అంతుపట్టలేదు. తిండిలో ఏమైనా మార్పు ఉందా అని అడిగాడు. నూనె కూడా మానేశారండీ అంది వదిన. నేను పక్కనే ఉన్నాను. నాకేమీ తట్టలేదు.

మే 2, ఉదయం 11
తట్టింది. క్వాలిటీ విభాగం అమ్మాయి విటమిన్ల రిపోర్టు నా టేబుల్ మీద పెట్టి వెళ్లింది. మా కొవ్వు ఊరికే బయటికి పోదు, పోతూ పోతూ ఒంట్లోని విటమిన్లని వెంటబెట్టుకుపోతుంది. రక్తం గడ్డకట్టించే విటమిన్ కూడా. అందుకే ఆఖర్న, ప్యాకింగ్‌కి ముందు, అవన్నీ కలుపుతాం. ఇంటికి తెచ్చుకునే డబ్బాలు మాత్రం రియాక్టర్ దగ్గరే పట్టుకుంటాం. కలపకముందే.
ఈ ప్రాసెస్ రాసింది నేనే. నాకు తెలియదని ఎవరితో అనను?

మే 11
వదిన సగమైపోయింది. ఆ రోజు మరిచిపోయి మాత్ర రెండుసార్లు ఇచ్చానేమో అంటోంది. ఇచ్చిందో లేదో ఆవిడకే గుర్తు లేదు. రోజూ పొద్దున్నే అన్నయ్య వచ్చి బల్ల దగ్గర కూర్చుంటాడట. ఏమీ అడగడట. ఆవిడ దండం పెట్టి క్షమించమంటుందట. అన్నం మానేసింది.

మే 12
చెప్తే జన్మలో నా మొహం చూడదు. చెప్పకపోతే మనిషే దక్కదు. పిరికిదాన్ని, ఇంకా ఆలోచిస్తున్నాను.

మే 16, సాయంత్రం
చెప్పేశాను. వదిన అంతా విన్నది. ఒక్క మాట అంది.
"అయితే ఆయన నా కోసం రావడం లేదన్నమాట."
గుమ్మం దాకా వచ్చి నా వెనక తలుపు వేసుకుంది.

మే 17, ఉదయం 7
వదిన ఫోన్ చేసింది. ఇవాళ అన్నయ్య రాలేదట. అన్నం తిన్నదట. ఫోన్ పెట్టేసింది.
నా ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. ఆకలేస్తోంది కెమిస్ట్రీ అంటున్నాడు.